నలభై ఒక్క గుడిసెలు, ఒక్క సైకిలు

1969 ఏప్రిల్ 17, గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. ఇందులో సందేహం లేదు. నోటుపుస్తకంలో రాసి ఉంది, ఆ పుస్తకం ఇప్పుడు నా ఒళ్లోనే ఉంది. ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో చేతికి గడియారం పెట్టుకుని తిరిగే ఆడవాళ్లు నాకు తెలిసి ఇద్దరే. ఒకరు మా వీధి చివరింట్లో కిరాయికి ఉండే నర్సు, రెండో మనిషిని నేను. గడియారం మా నాయనది. పట్టీకి మేకుతో మూడు కొత్త చిల్లులు పొడిస్తే గానీ నా మణికట్టు మీద నిలవలేదు. అది పెట్టుకున్న రోజు నుంచి నేను మారిపోయాను. ఎవరైనా టైము అడిగితే "ఏడు కావస్తోంది" అనేదాన్ని కాదు, "ఆరు యాభై మూడు" అనేదాన్ని. అడిగినవాళ్లు ఒకసారి నా మొహంలోకి చూసి ఇంకెప్పుడూ అడిగేవాళ్లు కాదు. అప్పుడు దాన్ని గౌరవం అనుకున్నాను.

ఆ ఏడాది తెలంగాణ కావాలని ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. కాలేజీలు మూతపడ్డాయి. నా బి.ఏ. రెండో సంవత్సరం ఎక్కడిదక్కడ ఆగింది. నేనూ ఊరేగింపుల్లో నడిచాను (రెండుసార్లు, ఒకసారి రెండు మైళ్లు, రెండోసారి మైలున్నర, చెప్పు తెగింది). ఇంట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఎన్ని వచ్చాయో రోజూ చెబుతుంటే మా నాయన తట్టుకోలేకపోయాడు. "కాలేజి బందయితే బుర్రను గూడ బంద్ పెట్టుకుంటవా? చాదర్‌ఘాట్ల ఒక సంఘం ఉన్నదంట, లెక్కలు రాసేటోళ్లు కావాల్నంట. పోయి గా రాళ్ల లెక్కేదో ఆళ్లకు చెప్పు" అన్నాడు. నేను పోయాను.

ఆ సంఘం పేరు ఇప్పుడెందుకు. అది లేదు, అందులో పెద్దలూ లేరు, పైగా నేను చెప్పబోయే తప్పు వాళ్లది కాదు. మా నల్లగొండ వైపు రెండేళ్లుగా వానలు సరిగా లేక కూలీలు గుంపులు గుంపులుగా పట్నం అంచుకు వచ్చి, దొరికిన చోట గుడిసెలు వేసుకున్నారు. వానాకాలం మొదలయ్యేలోగా ఒక్కో గుడిసెకు ఎనిమిది ఇనుప రేకులు ఇస్తామని సంఘం వాళ్లు ముందుకొచ్చారు. దానికి ఒక పద్ధతి పెట్టారు. ప్రతి గుడిసెకు ఒక ఫోటో తియ్యాలి, రిజిస్టర్లో ఆ గుడిసె నెంబరు పక్కన మనుషుల సంఖ్య, గోడల కొలత, "ఇంటి ముందు కనిపించే సొత్తు" రాయాలి. ఆ ఫోటోలూ రిజిస్టరూ చూసి ఎవరికి అవసరమో పెద్దాయన నిర్ణయిస్తాడు. పెద్దాయన రిటైరైన ఇంజనీరు. ప్రతి కాగితాన్నీ భూతద్దంతో చూసేవాడు, కాబట్టి ఆయన్ని భూతద్దం గారనే అంటాను. "కనిపించింది కనిపించినట్టు రాయాలమ్మా. నీ అభిప్రాయం నాకు అక్కర్లేదు" అన్నాడు మొదటిరోజే. నా జీవితంలో నాకు అంతగా నచ్చిన మాట మరొకటి లేదు.

నాకు అప్పగించినవి నలభై ఒక్క గుడిసెలు. దిల్‌సుఖ్‌నగర్ దాటి, కొత్తపేట దాటి, బెజవాడ రోడ్డు పట్టుకుని పోతే ఇప్పుడు ఎల్.బి.నగర్ చౌరస్తా అంటున్న చోటికి కొంచెం ఇవతల, రోడ్డుకు ఎడమ పక్కన బండల మీద ఉండేవి. చుట్టూ సీతాఫలం చెట్లు, తుమ్మలు. మనుషులు నూట డెబ్బై ఎనిమిది మంది, పని కంకర కొట్టడం. గోడలంటే రాళ్లు పేర్చి మట్టి మెత్తినవి, పైకప్పంటే తాటికమ్మలు, గోనెసంచులు, విప్పి చదును చేసిన తారుడబ్బాలు. గాలి కొడితే పైకప్పు మీద పెట్టిన రాయి పక్కింటి కప్పు మీద పడేది. పక్కింటివాళ్లు దాన్ని తమ కప్పు మీదే ఉంచుకునేవాళ్లు. దాని మీద రోజుకో తగువు.

ఫోటోలు తియ్యడానికి సంఘం వాళ్లు కుదిర్చిన మనిషిది మా దిల్‌సుఖ్‌నగర్‌లోనే చిన్న స్టూడియో. గుంటూరు వైపు మనిషి, పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. నేను ఆయన్ని బాబాయి గారూ అని పిలిచేదాన్ని. ఆయన వృత్తంతా పెళ్లిచూపుల ఫోటోలు. ఈ వీధుల్లో ఏ పిల్లకి సంబంధం కుదిరినా అందులో సగం ఘనత తనదేనని చెప్పుకునేవాడు. నల్లటి మొహాన్ని చామనఛాయకు, చామనఛాయను పచ్చటి ఛాయకు తెచ్చేవాడు. అలాంటి మనిషి ఈ పని ఒప్పుకున్నాక వింతగా మారిపోయాడు. "అమ్మాయ్, ఇన్నాళ్లూ లేనిది ఉన్నట్టు తీశాను. ఈ ఒక్కసారి ఉన్నదున్నట్టు తీస్తాను. నువ్వు వాళ్లకి ముందుగా ఏమీ చెప్పకు" అన్నాడు.

నేను చెప్పకుండా ఉంటానా. సంఘం వాళ్లు ఇచ్చింది నాలుగు రోళ్లు. రోలుకు పన్నెండు చొప్పున నలభై ఎనిమిది ఫోటోలు. నలభై ఒకటి గుడిసెలకు, ఏడు మిగులు. మొదలుపెట్టేది ఏడు దాటాక, పదకొండు గంటలు దాటితే ఎండ నెత్తిమీదకొచ్చి మొహాలు నల్లగా పడతాయి. అంటే ఒక్కో గుడిసెకు అయిదున్నర నిమిషాలు. ముందుగా చెప్పకపోతే ఒకామె నీళ్లకు పోయి ఉంటుంది, ఒకాయన కల్లుకు పోయి ఉంటాడు, నా టైము ఏం కావాలి? అందుకని రెండు రోజుల ముందు, ఏప్రిల్ 15 సాయంత్రం, నేనొక్కదాన్నే వెళ్లి ఒక బండ ఎక్కి చెప్పాను. "ఎల్లుండి పొద్దున్నే ఫోటోలు తీస్తరు. అందరు ఇండ్లకాడ ఉండాలె. పిల్లలకు తానం పొయ్యుండ్రి. వాకిలి ఊడ్సి పెట్టుండ్రి. చూసేటోళ్లు పెద్దోళ్లు, జర మంచిగ ఉండాలె."

గుంపుకు మేస్త్రి ఒక ముసలాయన. నలభై ఒక్క ఇళ్లలో ఒకే ఒక్క సైకిలు ఉంటే అది ఆయనది. అందుకని అందరూ ఆయన్ని సైకిల్ పెద్దయ్య అనేవాళ్లు. ఆయన నా మాట విని గుంపు వైపు తిరిగి, "ఇన్నరా? సూడ వస్తున్నరంట" అన్నాడు. ఆ మాట వాళ్లకు ఎలా అర్థమైందో నాకు తట్టాల్సింది. నేనూ ఆ జిల్లా ఊళ్లలో పుట్టినదాన్నే. మా ఊళ్లలో పిల్లను చూడ్డానికి ఎవరైనా వస్తున్నారంటే ఆ వీధి మొత్తం సామాను ఆ ఇంటికి చేరుతుంది. ఒకరి గంగాళం, ఒకరి మంచం, ఒకరి దుప్పటి. ఎవరూ దాన్ని అబద్ధం అనుకోరు. చూడవచ్చినవాళ్ల ఇంట్లో కూడా రేపు అదే జరుగుతుందని వాళ్లకూ తెలుసు. ఇల్లు ఎంత లేనిదైనా దాని వెనక వీధి ఉంది అని చెప్పుకోవడమే అది. ఇది నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రం నేను గడియారం చూసుకుంటున్నాను.

పదిహేడో తేదీ పొద్దున ఆరూ పదికి మేం స్టూడియో ముందు నుంచి బయల్దేరాం. బాబాయి గారి భుజాన కెమెరా, నా భుజాన మూడుకాళ్ల స్టాండు. ఏడింటికి బండల దగ్గరకు చేరేసరికి నేను నిజంగా మురిసిపోయాను. నలభై ఒక్క వాకిళ్లు పేడనీళ్లు చల్లి ఉన్నాయి. ముగ్గు ఎక్కడిదో తెలియదు, కంకర పొడే అయుండాలి, అన్ని గడపల ముందూ ఉంది. పిల్లలు తలలు నున్నగా దువ్వుకుని, కదిలితే కొడతామన్నట్టు నిలబడ్డారు. మొదటి గుడిసె ముందు కుటుంబం, వాళ్ల పక్కన ఒక నవారు మంచం, మంచం పక్కన చింతపండుతో తోమిన ఇత్తడి గంగాళం, దానికి ఆనించి సైకిలు, సైకిలుకు కట్టిన మేక. బాబాయి గారు కెమెరా తెరిచి, మళ్లీ మూశాడు. "అమ్మాయ్, ఏవిటిది?" అన్నాడు. "ఏడూ అయిదు బాబాయి గారూ. కానివ్వండి" అన్నాను.

రెండో గుడిసె ముందు కూడా మంచం, గంగాళం, సైకిలు, మేక. మూడో గుడిసె దగ్గర నాకు సైకిలు మడ్‌గార్డు మీద ఉన్న సొట్ట కనిపించింది. ఆ సొట్ట మొదటి గుడిసె దగ్గరా చూశాను. పాఠకులు ఇక్కడ నేను ఆపుతానని అనుకుంటారు. ఆపలేదు. ఎందుకంటే సామాను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మోసేసరికి ఒక్కోసారి మూడు నిమిషాలు పోతోంది, అది నేను ఓర్చుకోలేకపోయాను. నేనే మనుషుల్ని పెట్టాను. ఇద్దరికి మంచం, ఒకరికి గంగాళం, సైకిలుకు పెద్దయ్య. "ఫోటో టక్కుమనంగనే ఎత్తాలె! వెనకనుంచి పోవాలె, ముందలనుంచి కాదు! పెద్దయ్యా, నువ్వు సైకిల్ తొక్కకు, నూకు, తొక్కితే మలుపుకాడ పడ్తవ్!" అని అరుస్తూ కొంగు నడుముకు చుట్టి బండ మీద నుంచి బండ మీదకు దూకుతున్నాను. రెండో పది ఇళ్లకు వచ్చేసరికి పని గడియారంలా నడిచింది. ఆ మాట అప్పుడు నేను గర్వంగానే అన్నాను.

ఒక్క మేక విషయంలో ఓడిపోయాను. పదహారో గుడిసె దాకా ఓపిక పట్టిన మేక పదిహేడో గుడిసె ముందు తాడు తెంపుకుని, బాబాయి గారి స్టాండును పడేసి, సీతాఫలం చెట్లలోకి పోయింది. పదమూడు మంది వెంటపడ్డాం. పద్నాలుగు నిమిషాలు. దొరికాక అది కూర్చుండిపోయింది, లేవనంది. మేక యజమానురాలు ఒక ముసలవ్వ. "దానికి సిగ్గయితున్నది బిడ్డా. పదహారిండ్లు తిప్పితిరి. పెండ్లిపిల్లనైనా గట్ల తిప్పుతరా?" అంది. మిగిలిన ఇళ్లు మేక లేకుండానే అయ్యాయి.

ఇరవై తొమ్మిదో గుడిసె దగ్గర ఇంకో అడ్డం వచ్చింది. ఆ ఇంటామెకు నాకన్నా నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటాయేమో. చంకలో పిల్ల, కాళ్ల దగ్గర ఇంకో పిల్ల, మొగుడు పనికి పోయి ఉన్నాడు. మంచం మోసుకొచ్చిన ఇద్దర్ని గడప దగ్గరే ఆపేసింది.

"ఎవలిది గీ మంచం?"

"అందరిది అక్కా. ఫోటోకు" అన్నాను.

"ఫోటో ఎవలది?"

"నీ ఇంటిది."

"నా ఇంటిదైతే నా ఇంట్ల ఉన్నది తియ్యాలె గద చెల్లె. రేపు గాళ్లొచ్చి నీ మంచమేదని అడిగితే నేనేం జెప్పాలె? మంచం ఫోటోలున్నది, నేను నేల మీదున్న అని జెప్పాల్నా?"

పెద్దయ్య సైకిలు పట్టుకుని నచ్చజెప్పబోయాడు. "గట్లనకు బిడ్డా, మంచిగుండదు. అందరిండ్లకాడ పెట్టుకున్నరు."

"నీ సైకిలు నడిసీ నడిసీ అలిసిపోయింది పెద్దయ్యా, దానికి జర చాయ్ పొయ్యి" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాలుగు నిమిషాలు పోయాయి, పైగా నలభై ఫోటోలు ఒక తీరుగా ఉండి ఇదొక్కటి బోసిగా ఉంటే చూడ్డానికి ఎలా ఉంటుంది? బాబాయి గారు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని, గాలి కూడా పీల్చకుండా, ఆమెను తీశాడు. పొయ్యిరాళ్లు మూడు, కుండ ఒకటి, చిరిగిన గోనె వెనకనుంచి కనిపించే ఆకాశం. రిజిస్టర్లో ఆ గుడిసె ఎదురుగా, "సొత్తు" గడిలో "ఏమీ లేదు" అని రాసి, పక్కన "సహకరించలేదు" అని కూడా రాశాను. మిగతా నలభై ఇళ్లకూ సైకిలు ఒకటి, గంగాళం ఒకటి, మంచం ఒకటి అని రాశాను. మేకలు మొదటి పదహారు ఇళ్లకు. కనిపించింది కనిపించినట్టు. ఒక్క కొట్టివేత లేదు.

ఏప్రిల్ 28, సోమవారం, ఫోటోలు తెచ్చుకోవడానికి స్టూడియోకు వెళ్లాను. బాబాయి గారు నలభై ఒకటీ ఒక కవర్లో పెట్టి, పైన విడిగా ఇంకొకటి పెట్టాడు. మిగులు ఏడింటిలో మేక తన్నినప్పుడు పాడైనవి, పిల్లలు కదిలినవి పోగా ఒక్కటి నాకు తెలియకుండా తీశాడట. అందులో రెండు గుడిసెల మధ్య మంచాన్ని నెత్తిమీద పెట్టుకుని పరుగెత్తుతున్న ఇద్దరు, గంగాళం కావలించుకున్న ఒకామె, సైకిలు నూకుతున్న పెద్దయ్య, వాళ్ల వెనక ఖాళీగా, నోళ్లు తెరుచుకుని ఉన్న గుడిసెలు. అందరికీ ముందు, బండ మీద, కొంగు బిగించి, ఒక చెయ్యి గాలిలో పెట్టి, ఇంకో చేతి గడియారం చూస్తూ, నోరు చెవులదాకా తెరిచి అరుస్తున్న నేను. పళ్లన్నీ కనిపిస్తున్నాయి (పైవరుసలో ఎనిమిది లెక్కపెట్టాను). జుట్టు రేగి, మొహం చెమటతో నల్లగా నిగనిగలాడుతోంది.

"అమ్మాయ్, మొత్తం పనిలో ఉన్నదున్నట్టు వచ్చినవి రెండే. ఒకటి ఆ ఇరవై తొమ్మిదో ఇంటిది, రెండోది ఇది. సంఘం పెద్దాయనకి ముందు ఇదే చూపించు. ఇది చూస్తే మిగతావి ఎలా చూడాలో ఆయనకి తెలుస్తుంది" అన్నాడు బాబాయి గారు.

"మొహం కొంచెం చామనఛాయకు తేలేకపోయారా?" అన్నాను.

ఆయన చాలాసేపు నవ్వాడు. నేను ఆ ఫోటో తీసి చేతిసంచిలో వేసుకున్నాను. చాదర్‌ఘాట్‌లో నలభై ఒకటి మాత్రం ఇచ్చాను. నేను చేసింది ఇదే. సిగ్గుపడి దాచానని చాలా ఏళ్లు అనుకున్నాను. నిజమే, కొంత సిగ్గు. కానీ అంతకన్నా ఎక్కువగా, నా కొట్టివేత లేని రిజిస్టరును ఆ ఒక్క ఫోటో కొట్టేస్తుంది. అది నాకు అప్పుడే తెలుసు.

మే 12, సోమవారం, భూతద్దం గారు పిలిపించాడు. బల్ల మీద ఫోటోలన్నీ వరసగా పరిచి, ఒక కాగితం మీద నా రిజిస్టరు మొత్తాలు వేసి ఉన్నాయి. "సైకిళ్లు నలభై. గంగాళాలు నలభై. నవారు మంచాలు నలభై. అమ్మా, మా ఇంట్లో కూడా సైకిలు లేదు" అన్నాడు. తర్వాత భూతద్దం పైకెత్తి, "మేకలు మాత్రం పదహారే. మిగతావి ఎక్కడ దాచారు?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. "సార్, సైకిలు ఒకటే సార్. అందరూ అదే పెట్టుకున్నారు" అన్నాను.

ఆయన రిజిస్టరు నా వైపు తిప్పాడు. "అయితే ఇది తప్పా? ఇది నువ్వు రాసిందేనా? తప్పయితే చెప్పు, ఇప్పుడే కొట్టేసి సంతకం పెట్టు. ఒప్పయితే నేను దీని ప్రకారం పోతాను."

కొట్టేసి సంతకం పెట్టు. కలం కూడా ఆయనే మూత తీసి ఇచ్చాడు. నాలుగు రకాల సొత్తు, నలభై వరసలు, అందులో మేకలవి పదహారే. నూట ముప్పై ఆరు అంకెలు, దాదాపు అన్నీ కొట్టివేతలే. నేను ఆ నీలం అక్షరాల వైపు చూశాను, తిన్నగా, ముత్యాల్లా ఉన్నాయి. "ఒప్పే సార్. కనిపించింది రాశాను" అన్నాను.

ఆయన తల ఊపాడు. "మంచిది. నిజమైన బీద ఇల్లు ఒక్కటే తేలింది. నువ్వు సహకరించలేదని రాసినావిడది."

ఇంటికొచ్చి మా నాయనకు విషయమంతా చెప్పాను. ఆ ఫోటో చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "గింత మంచి ఫోటోను పెట్టెల పెట్టినవా?" అన్నాడు. "రేపే పో. పొయ్యి ఇది ఆయన ముందల పెట్టి, నేను తప్పు రాసిన అను. గంతే." మర్నాడు బంద్. బస్సులు లేవు. ఆ తర్వాత మూడు రోజులు కూడా లేవు. అయిదో రోజు, మే 17, శనివారం, బస్సు దొరికి చాదర్‌ఘాట్ పోయాను. భూతద్దం గారు ఫోటోను భూతద్దం లేకుండానే చూశాడు. నన్ను గుర్తుపట్టాడు కూడా. "ఇది నేను అడిగిన రోజే ఎందుకివ్వలేదు?" అన్నాడు. బంద్ సడలగానే, ముందు రోజు సాయంత్రమే మిగిలిన మూడు వందల ఇరవై రేకులూ వేరే చోటికి లారీలో పోయాయట. అక్కడ కూడా కూలీలే, అక్కడి గుడిసెలూ అలాంటివే. వాళ్లకు ఇవ్వడం తప్పనడానికి నాకు నోరు లేదు. ఈ సంవత్సరానికి ఇంకేమీ లేదన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

బంద్ వల్ల ఆలస్యమైందని నేను చాలామందికి చెప్పాను. నమ్మారు, ఆ రోజుల్లో ఏది ఆలస్యమైనా అదే కారణం చాలేది. కానీ లెక్క లెక్కే. ఏప్రిల్ 28 నుంచి మే 12 దాకా ఆ ఫోటో నా పెట్టెలో ఉన్నది పద్నాలుగు రోజులు. బంద్ నాలుగు రోజులు. పైగా దిల్‌సుఖ్‌నగర్ నుంచి చాదర్‌ఘాట్‌కు నడిస్తే గంటంబావు. తెలంగాణ కోసం రెండు మైళ్లు నడిచిన కాళ్లు వీళ్ల కోసం నడవలేదు.

మే 18న బాబాయి గారి దగ్గరికి వెళ్లాను, మళ్లీ తీద్దామని అడగడానికి. తీస్తే ఎవరికివ్వాలో నాకే తెలియదు, అయినా వెళ్లాను. స్టూడియో తలుపు మీద ఎవరో బొగ్గుతో "మీ ఊరికి పో" అని రాశారు. ఆయన లోపల గడ్డి పరిచిన పెట్టెలో కెమెరా సర్దుతున్నాడు. పక్క దుకాణం పాన్‌వాలా తలుపు తుడుస్తూ, "నువ్వు పోకు సేట్, గిది మనోళ్లు రాసింది కాదు. నేను చూస్త గద, ఎవడొస్తడో" అంటున్నాడు. బాబాయి గారు నవ్వి, "నువ్వెన్నాళ్లు తుడుస్తావయ్యా. మా ఆవిడ భయపడుతోంది" అన్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన ఆ ఒక్క ఫోటో నెగెటివు వెతికి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "పెళ్లిచూపుల ఫోటో అనుకుని దాచావు కదూ?" అన్నాడు. మే 24, శనివారం, బెజవాడ బస్సెక్కాడు. ఊరేగింపులో నడిచినదాన్నే, అయినా బస్సు దగ్గర నా చేతిలో ఆయన టిఫిన్ డబ్బా ఉంది. ఈ రెండూ ఒకే మనిషి చేసిన పనులేనని అప్పుడు నాకు వింతగా తోచలేదు. ఇప్పుడూ తోచదు.

జూన్ 11 రాత్రి మొదటి పెద్ద వాన పడింది. 12 ఉదయం బండల దగ్గరికి వెళ్లాను. ఇరవై ఆరు గుడిసెల పైకప్పులు లేవు. రెండు పెద్ద బండల మధ్య ఎనిమిది కొత్త రేకులు అడ్డంగా పరిచి, కింద పిల్లలు కోడిపిల్లల్లా ముడుచుకుని కూర్చున్నారు. ముప్పై నాలుగు మంది. ఇరవై తొమ్మిదో ఇంటామె తనకొచ్చిన ఆ రేకులు తన గుడిసె మీద ఎక్కించనే లేదట. నన్ను చూసి, "ఏం చెల్లె, టైమెంతయింది?" అంది.

"ఏడున్నర" అన్నాను. ఏడూ ఇరవై ఎనిమిది. మొదటిసారి చిల్లర వదిలేశాను.

సైకిల్ పెద్దయ్య తడి గోనె కప్పుకుని సైకిలు పక్కనే కూర్చున్నాడు. "నా సైకిలే ముంచిందంట గద బిడ్డా మమ్ముల. లారీవోడు చెప్పిండు. నలభై ఇండ్లల్ల నలభై సైకిళ్లంట. నిజంగ నలభై ఉంటే నేను దుకాణం పెడుదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను సంచిలోంచి ఆ ఫోటో తీసిచ్చాను. సైకిలు కాదు పెద్దయ్యా, నేను, అని చెప్పాను. ఎందుకు దాచానో, రిజిస్టరు ఎందుకు కొట్టెయ్యలేదో అంతా చెప్పాను. వాళ్లు విన్నారో లేదో తెలియదు. ఫోటో అప్పటికే చేతులు మారుతోంది. తమ ఫోటో తాము చూడ్డం వాళ్లకదే మొదలు. "అగో, మంచం నెత్తిమీద నేనే!" "గంగాళం పట్టుకున్నది సూడుండ్రి, మొగనిగ్గూడ గట్ల పట్టుకోలే!" అంటూ రేకుల కింద నవ్వులు. ఇరవై తొమ్మిదో ఇంటామె మాత్రం విన్నది. ఫోటోలో నా మొహం మీద వేలు పెట్టి, "సదువుకున్నదానివి, ఒక్క గీత కొట్టనీకి గింత పరేషానా చెల్లె?" అంది. తిట్టినట్టు అనలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఫోటో తనే ఉంచుకుంటానంది. ఇచ్చేశాను. నెల తిరక్కుండానే గుంపు చెదిరిపోయింది. ఇబ్రహీంపట్నం వైపు కొందరు, తిరిగి ఊళ్లకు కొందరు. నేను ఆగస్టులో వెళ్లేసరికి పొయ్యిరాళ్లు మాత్రం ఉన్నాయి.

తర్వాత నేను ముప్పై నాలుగేళ్లు లెక్కల ఉద్యోగమే చేశాను. నా రిజిస్టర్లలో కొట్టివేతలు ఎక్కువని పైవాళ్లు ఎప్పుడూ సణిగేవాళ్లు. కిందటి నెల పాత పెట్టె సర్దుతుంటే నెగెటివు దొరికింది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద ఫోటోల దుకాణంలో ఇచ్చి పెద్దది చేయించాను. దుకాణదారు, నలభై ఏళ్ల మనిషి, కంప్యూటర్ తెర మీద చూసి, "ఎవరమ్మా గీ పిల్ల, గింత గరంగరంగ ఉన్నది? మొహం జర తెల్లగ చెయ్యాల్నా?" అన్నాడు.

"వద్దు నాయనా. ఉన్నదున్నట్టుండనీ. నాకు తెలిసిన పిల్లే" అన్నాను. ఆ పిల్ల చేతి గడియారంలో ముళ్లు కూడా కనిపిస్తున్నాయి. తొమ్మిదీ ఇరవై రెండు. ఆ పని గడువు కన్నా రెండు నిమిషాలు ముందే నడుస్తోంది. చూసి నవ్వుకున్నాను, ఎంత సంతోషంగా ఉందో పాపం.

పోయినవి రాస్తున్నాను. రేకులు మూడు వందల ఇరవై. పైకప్పులు ఇరవై ఆరు. ఫోటోలు నలభై ఒకటి, సంఘం మూసేసినప్పుడు ఏమయ్యాయో తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో స్టూడియో ఒకటి. గుంటూరు నుంచి ఉత్తరాలు రెండు వచ్చాయి, మూడోది రాలేదు. ఆచూకీ తెలియని ఇళ్లు నలభై ఒకటి, మనుషులు నూట డెబ్బై ఎనిమిది. ప్రాణాలు, నాకు తెలిసి, లేవు. నాకు తెలియనివి ఈ లెక్కలో లేవు.